మొటిమల సీసా వెనక ఉన్న కథ

పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన తొలి రోజుల్లో మొటిమల మీద పనిచేశాడంటే నమ్ముతారా? నేనూ మొదట నమ్మలేదు. 1909లో, అంటే పెన్సిలిన్‌కి ఇంకా 19 ఏళ్ళ ముందు, లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు ఆయన లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. మొటిమలు ఎందుకొస్తాయి, ఎలా తగ్గించాలి అన్నదే దాని విషయం. ఆయన గురువు ఆల్మ్‌రాత్ రైట్‌కి టీకాలంటే మహా నమ్మకం. ఏ జబ్బు క్రిమిని ఆ జబ్బుకే టీకాగా పొడిస్తే ఒళ్ళే దాన్ని తిప్పికొడుతుందని ఆయన వాదన. అలా మొటిమల క్రిమితో కూడా టీకా చేసి పొడిచి చూశారు. ఆ వైద్యం కాలానికి నిలబడలేదు కానీ, ఫ్లెమింగ్ మాత్రం ఈ కథలో మళ్ళీ వస్తాడు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.

నాకు ఇదంతా చదవాల్సిన పని ఎందుకొచ్చిందంటే, మా పాపకి పదహారు నిండాయి. పోయిన ఏడాది నుంచి నుదురు, బుగ్గలు, గడ్డం అంతా మొటిమలే. ఫోటో అంటే చాలు, మొహం అటు తిప్పేస్తుంది. పెళ్ళిళ్ళకి రానంటుంది. "వయసులో అందరికీ వస్తాయే" అని వాళ్ళ నాయనమ్మ అంటే లోపలికెళ్ళి తలుపేసుకుంటుంది. చర్మ వైద్యురాలికి చూపిస్తే చీటీ మీద రెండు మందులు రాశారు. ఒకటి బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, రెండోది క్లిండామైసిన్ ఒక శాతం ద్రావణం. చిన్న సీసా, నీళ్ళలాంటి మందు. రాస్తూ రాస్తూ మూడు మాటలు చెప్పారు. "ఈ సీసా ఒక్కటే వాడొద్దు. మూడు నెలలు దాటించొద్దు. ఇంకెవరికీ ఇవ్వొద్దు." బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు, ఎందుకని అడిగే వీలెక్కడ! ఆ మూడు "వద్దు"ల వెనక ఏముందో ఇంటికొచ్చి నేనే వెతుక్కున్నాను. వెతికేకొద్దీ కథ భీమవరం వెళ్ళింది, అమెరికా మట్టిలోకి వెళ్ళింది, తిరిగి మన పటాన్‌చెరుకే వచ్చింది.

ముందు పాత సంగతులు. మా అత్తగారి వైద్యం జాజికాయ అరగదీసి పెట్టడం, పసుపు, గంధం, వారానికోసారి శనగపిండి. వీటికీ ఓ చరిత్ర ఉంది. సుశ్రుత సంహితలో మొటిమల్ని ముఖదూషికలన్నారు, క్షుద్రరోగాల్లో, అంటే చిన్న జబ్బుల్లో చేర్చారు. యౌవనంలో మొహం మీద బూరుగు ముళ్ళలా లేస్తాయని వర్ణన. బూరుగు మాను ముళ్ళు చూసినవాళ్ళకి ఆ పోలిక ఎంత బాగా కుదిరిందో తెలుస్తుంది. లొద్దుగ చెక్క, ధనియాలు, వస కలిపి నూరిన లేపనం కూడా ఆయుర్వేద గ్రంథాల్లో ఉంది. ఇవి పనిచేస్తాయా లేదా అన్న తగువులోకి నేను పోను, మా ఇంట్లో ఆ తగువు ఇప్పటికే సరిపడా ఉంది. ఒక్క విషయం మాత్రం చెప్పుకోవాలి. అప్పటివాళ్ళు కూడా దీన్ని మురికి వల్ల వచ్చేదిగా కాక, వయసుతో వచ్చేదిగానే చూశారు. ఇప్పటి అమ్మలే "మొహం సరిగ్గా కడుక్కోవు, అందుకే" అని పిల్లల్ని సాధిస్తుంటారు.

మొటిమకి మూలం చర్మం కింద ఉండే నూనె గ్రంథి. ఈడు రాగానే హార్మోన్ల వల్ల నూనె ఎక్కువ ఊరుతుంది, రంధ్రం మూత దగ్గర చచ్చిన కణాలు అడ్డం పడతాయి, నూనె లోపలే నిలిచిపోతుంది. ఆ గాలి తగలని నూనె గుంటలో ఒక క్రిమి హాయిగా పెరుగుతుంది. దాన్ని 1896లో జర్మన్ చర్మ వైద్యుడు ఉన్నా మొటిమల్లో చూసి వర్ణించాడు. ఆ క్రిమికి శాస్త్రజ్ఞులు ఎన్నిసార్లు పేరు మార్చారో! కొరినీబాక్టీరియం అన్నారు, ప్రొపియోనిబాక్టీరియం అన్నారు, 2016 నుంచి క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అంటున్నారు. అసలు విషయమేమిటంటే, అది శత్రువు కాదు. మొటిమలు లేని మీ మొహం మీదా, నా మొహం మీదా అది ఉంటుంది. మామూలుగా మన చర్మం మీద కాపురముండే జీవి. గుంట మూసుకుపోయినప్పుడే దాని సంఖ్య పెరిగి, ఒళ్ళు దాని మీద తిరగబడి, ఎర్రగా వాచి, చీము పడుతుంది. దీన్నిబట్టి సీసాలోని మందు చేయగలిగింది ఎంతో కూడా అర్థమవుతుంది. క్రిమిని తగ్గిస్తుంది, వాపు తగ్గిస్తుంది, అంతే. మూసుకున్న రంధ్రాన్ని తెరవలేదు, నూనెనీ ఆపలేదు.

ఇక యాంటీబయాటిక్ ఇందులోకి ఎలా వచ్చిందో చూద్దాం. ఇక్కడ మనవాడొకరు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1922లో అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డ్‌లో ఎన్నో ఏళ్ళు పనిచేసి, 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్ళి, అక్కడ పరిశోధనకి పెద్ద అయ్యారు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ అనే 70 దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆ కంపెనీలో చేరాడు. విశ్వవిద్యాలయం రిటైర్ చేసి ఇంటికి పంపితే, వీళ్ళు పిలిచి పని ఇచ్చారన్నమాట. ఆయన ఊరూరి నుంచి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవుల్ని పరీక్షించేవాడు. మిస్సోరి విశ్వవిద్యాలయం పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిన మందుకి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948 జూలైలో దాని గురించి లోకానికి చెప్పారు. మరుసటి నెలలోనే సుబ్బారావు గారు నిద్రలో పోయారు. 53 ఏళ్ళు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. 1950ల నుంచి మొటిమలకి నోటి ద్వారా ఇచ్చిన మందులు ఎక్కువగా ఆ కుటుంబానివే. తర్వాత మొటిమలకి బాగా పేరొచ్చిన మినోసైక్లిన్ కూడా లెడర్లేలోనే పుట్టింది. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో సుబ్బారావు గారికి ఇంకో నాలుగు పేజీలు పెంచినా తప్పులేదని నా అభిప్రాయం.

మా సీసాలోది మాత్రం ఇంకో మట్టి బిడ్డ. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ అనే ఊరుంది. ఆ ఊరి మట్టిలో దొరికిన జీవి నుంచి అప్‌జాన్ కంపెనీవాళ్ళు 1962లో ఒక మందు ప్రకటించారు. ఊరి పేరే పెట్టారు, లింకోమైసిన్ అని. దాన్ని కొద్దిగా మార్చి 1966లో క్లిండామైసిన్ చేశారు. ఇది పాతదానికంటే బలమైనది, ఒంట్లోకి బాగా ఎక్కేది. ఎముకల్లో చీము, చర్మం లోతున గడ్డలు, పంటి ఇన్‌ఫెక్షన్లు, పెన్సిలిన్ పడనివాళ్ళు ఇలాంటి చోట్ల డాక్టర్లకి పెద్ద ఆసరా అయింది. మొటిమలకి కూడా మాత్రలుగా ఇచ్చారు. అక్కడే దెబ్బ తగిలింది. 1974లో సెయింట్ లూయిస్ నగరంలో డాక్టర్లు ఈ మందు తీసుకున్న 200 మందిని వరసగా గమనిస్తే, 21 శాతం మందికి విరేచనాలు, 10 శాతం మందికి పెద్దపేగులో పొరలు కట్టేంత తీవ్రమైన వాపు కనిపించింది. దానికి కారణమైన క్రిమి, పేగులో మంచి క్రిములన్నీ చచ్చాక ఖాళీ జాగాలో పెరిగే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అని 1978లో తేలింది.

మొటిమల కోసం పేగు పోగొట్టుకోవడం ఎవరికి కావాలి? ఆ రోజుల్లోనే చర్మ వైద్యులు ఇంకో దారి వెతికారు. మింగడమెందుకు, జబ్బు ఉన్న చోటే రాస్తే పోలేదా అని. కొందరు డాక్టర్లు గొట్టాల్లోని పొడిని ఆల్కహాల్, నీళ్ళు కలిపిన ద్రావణంలో కరిగించి ఇచ్చేవారు. 1976లో కాలిఫోర్నియాలో రెష్, స్టౌటన్ అనే ఇద్దరు పైపూత యాంటీబయాటిక్‌ల ఫలితాలు ప్రచురించారు. 1980లో అమెరికా ప్రభుత్వం క్లిండామైసిన్ ద్రావణానికి అనుమతినిచ్చింది. మా బల్ల మీదున్న సీసాకి తాత ఆ సీసానే. ఇందులో ఆల్కహాల్ ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందిగా. అదే దాని సుగుణం, అదే దాని చిరాకు కూడా. మందుని నూనె గుంటలోకి దింపేది అదే, చర్మాన్ని ఎండగట్టి మంట పుట్టించేదీ అదే.

చిత్రమేమిటంటే, సీసాకి అనుమతి రాకముందే దాని బలహీనత బయటపడింది. 1979లోనే, ఆ స్టౌటన్ ఉన్న బృందమే, ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ పైపూతలు వాడినవారి చర్మం మీద ఆ రెండింటికీ లొంగని మొటిమల క్రిములు కనిపించాయని రాసింది. మందుని తెచ్చినవాళ్ళే దాని లోపాన్నీ చెప్పారు. అలాంటి నిజాయితీ చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ముచ్చట మాత్రం ఎక్కువ రోజులు ఎవరికీ గుర్తులేదు. తర్వాత ఇరవై ఏళ్ళు చాలా దేశాల్లో ఒక్క యాంటీబయాటిక్‌నే నెలల తరబడి రాయించారు. 2003లో ఐరోపాలో ఆరు దేశాల మొటిమల రోగుల్ని పరీక్షించేసరికి చాలామంది మీద మొండి క్రిములు బయటపడ్డాయి. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. అది చదివి నేను చేస్తున్న పని ఆపేసి కూర్చున్నాను. రోగులతో కలిసి ఉండే ఇంట్లోవాళ్ళ చర్మం మీదా ఆ మొండి క్రిములున్నాయి. మొటిమలకి వైద్యం చేసే డాక్టర్లలో సగానికి పైగా వాటిని మోస్తున్నారు. పక్క విభాగాల్లో పనిచేసే డాక్టర్లలో ఒక్కరి మీదా లేవు.

అంటే పాప బుగ్గ మీద రాసిన మందు లెక్క పాప బుగ్గతో తీరిపోదు. ఒకే తువ్వాలు, ఒకే దిండు, ఒళ్ళో తల పెట్టుకుని పడుకునే నాయనమ్మ. ఇల్లంతా ఒకే చర్మం లాంటిదే.

ఇక్కడే ఫ్లెమింగ్ మళ్ళీ వస్తాడు. 1945 డిసెంబరు 11న నోబెల్ ఉపన్యాసంలో ఆయన ఒక ఊహ చెప్పాడు. ఎక్స్ అనే పెద్దమనిషికి గొంతు నొప్పి వస్తుంది. పెన్సిలిన్ కొనుక్కుని తక్కువ మోతాదులో వాడతాడు. క్రిములు చావవు సరికదా, ఆ మందుని తట్టుకోవడం నేర్చుకుంటాయి. ఆ క్రిములు భార్యకి అంటుకుని ఆవిడకి న్యుమోనియా వస్తుంది. పెన్సిలిన్ పనిచేయదు, ఆవిడ చనిపోతుంది. ఆవిడ చావుకి కారకులెవరు అని సభని అడిగి, భర్త అజాగ్రత్తేనని ఆయనే జవాబిచ్చాడు. ఇది చదివి మావారికి చెబితే "కథలో కూడా మగాడిదే తప్పా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కథలో పోయింది మందు వేసుకోని మనిషి.

నవ్వు రాకపోవడానికి ఇంకో కారణముంది. రెండేళ్ళ కిందట మా మరిది సర్వీసు రోడ్డు మీద బండి జారి పడి చీలమండ విరిగింది. ప్లేటు వేశారు. మూడు వారాలకి కాలు వాచి, జ్వరమొచ్చి, చూస్తే ఎముకలో చీము. తనకి పెన్సిలిన్ పడదు, చిన్నప్పుడే ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి. చీముని ల్యాబుకి పంపితే, ఏ మందుకి క్రిమి లొంగుతుంది, దేనికి లొంగదు అని పెద్ద పట్టిక వచ్చింది. సగం మందుల ఎదురుగా లొంగదు అనే ఉంది. లొంగేవాటిలో ఒకటి క్లిండామైసిన్. వారాల తరబడి అదే మందు సెలైన్‌లో ఎక్కింది. "వదినా, ఈ పేరు నోరు తిరగట్లేదు" అని మంచం మీద నవ్వించేవాడు. ఇప్పుడు అదే పేరు మా పాప సీసా మీద చూసేసరికి గుండె ఒక్కసారి ఆగినట్టయింది. ఎముకలో చీముకి ఎక్కువగా కారణమయ్యేది స్టెఫైలోకాకస్ అనే క్రిమి. అదీ చర్మం మీదే ఉంటుంది. మొటిమలకి రాసే యాంటీబయాటిక్ ఒక్క మొటిమల క్రిమినే ఎంచుకుని తాకదు, పక్కనున్న స్టెఫైలోకాకస్ జాతికి కూడా మొండితనం నేర్పగలదు. మందుకి మన ఇంట్లో పేర్లు వేరు, దానికి మాత్రం మా పాప మొహమూ మరిది కాలూ ఒకే ఖాతా.

డాక్టరమ్మ చెప్పిన మొదటి "వద్దు"కి ఇదీ జవాబు. ఒక్కటే వాడితే మొండివి మిగిలిపోతాయి. దాని పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్ ఎందుకు పెడతారంటే, అది యాంటీబయాటిక్ కాదు. చర్మంలో ఆక్సిజన్‌ని వదిలి, గాలి పడని ఆ క్రిమిని నేరుగా కాల్చినట్టు చంపుతుంది. దానికి మొండికేసిన మొటిమల క్రిమి ఇంతవరకూ నమోదు కాలేదు. అన్నట్టు, ఈ బెంజాయిల్ పెరాక్సైడ్ వంటింటి పక్క నుంచి వచ్చిన రసాయనమే. పిండిని తెల్లబరచడానికి మిల్లుల్లో వాడేవారు. తెల్లబరిచే గుణం దానికి ఇప్పటికీ పోలేదు. రంగు దిండు గలీబులు, మంచి తువ్వాళ్ళు పాప దగ్గర నుంచి తీసేసి, తెల్లవి ఇచ్చాను. 2003లోనే అంతర్జాతీయ నిపుణుల బృందం, 2009లో మన దేశంలో మొటిమల నిపుణులు రాసిన మార్గదర్శకాలు, ఆ తర్వాత అమెరికా చర్మ వైద్యుల సంఘం, అందరి ధోరణీ ఒకటే. పైపూత యాంటీబయాటిక్‌ని ఒంటరిగా వాడొద్దు, అవసరమైనంత కాలమే వాడాలి, తర్వాత రంధ్రాలు మూసుకోకుండా చూసే అడాపలీన్ లాంటి వేరే మందుతో కొనసాగించాలి. రెండో "వద్దు" ఇక్కడ తేలిపోయింది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తేడా తెలియాలి, సుమారు 12 వారాలకి డాక్టరు మళ్ళీ చూడాలి.

ఇప్పుడు మన ఊరి సంగతి. మేముండేది కోకాపేటలో. 2023 ఆగస్టు వేలంలో ఇక్కడ ఎకరం 100 కోట్లు దాటిందని పేపర్లన్నీ రాశాయి. మా బాల్కనీ నుంచి చూస్తే క్రేన్లే. ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే కాసేపటికి పటాన్‌చెరు. హైదరాబాదు మందుల రాజధాని అయిన కథ 1960లలో బాలానగర్‌లో సోవియట్ సాయంతో వచ్చిన ఐడీపీఎల్‌తో మొదలైంది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చాక, వేరే పద్ధతిలో చేస్తే అదే మందుని మనమూ చేసుకోవచ్చు అన్న వెసులుబాటు దొరికింది. ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టినవాళ్ళలో అంజిరెడ్డి గారు ఒకరు. విదేశాల్లో ఖరీదైన మందులు ఇక్కడ మధ్యతరగతి ఇంటికి అందుతున్నాయంటే దాని వెనక ఈ చరిత్ర ఉంది. దాన్ని చిన్నచూపు చూడలేం.

దాని ఇంకో వైపు 2007లో బయటపడింది. స్వీడన్‌కి చెందిన లార్సన్ బృందం, పటాన్‌చెరులో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి అయ్యాక కూడా సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ! ఆ నీరు వాగుల్లోకి పోయేది. అక్కడి క్రిములకి అది రోజూ బడే. మా ఇంటి సీసా లాంటి వెయ్యి సీసాలు కలిసినా ఆ వాగుకి సాటిరావని నాకూ తెలుసు. "అంత జరుగుతుంటే మన చుక్కల లెక్కేంటమ్మా" అని పాప కూడా అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పిన జవాబు ఇది. వాగు సంగతి ప్రభుత్వాలు చూడాలి, వాళ్ళని అడుగుతూనే ఉండాలి. నీ చర్మం మీది క్రిములు మాత్రం వాగులో లేవు, నీ దిండు మీద ఉన్నాయి.

మందుల షాపు కథ కూడా కొంచెం చెప్పాలి. మన దేశంలో 1945 నాటి నిబంధనల్లో షెడ్యూల్ హెచ్ అని ఒక జాబితా ఉంది. అందులోని మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయితే దాని కింద ఒక గమనిక, చర్మం పైన రాసుకునేవాటికి చాలావరకు మినహాయింపునిచ్చింది. పైకి చిన్నగా కనిపించే ఆ సందులోంచి చాలా ట్యూబులు దూరిపోయాయి. ముఖ్యంగా స్టెరాయిడ్ క్రీములు. తెల్లబడటానికి, మొటిమలకి, మచ్చలకి అన్నిటికీ అదే. 2011లో దేశంలోని 12 కేంద్రాల్లో మొహం సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే, 433 మంది మొహానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నవాళ్ళే. రాసినంతకాలం నున్నగా ఉంటుంది, ఆపితే మొటిమలు, ఎరుపు, మంట రెట్టింపు. చర్మ వైద్యుల సంఘం ఏళ్ళ తరబడి పోరాడితే, 2018 మార్చిలో 14 స్టెరాయిడ్లకి ఆ మినహాయింపు తీసేశారు. యాంటీబయాటిక్‌ల గురించి జనానికి తెలియజెప్పడానికి 2016లో కేంద్రం ఎర్ర గీత ప్రచారం మొదలుపెట్టింది. అట్ట మీద నిలువు ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా వాడొద్దని. మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి, ఎన్నింటి మీద ఆ గీత ఉందో.

మూడో "వద్దు" మా అపార్ట్‌మెంటులో పరీక్షకొచ్చింది. పాపకి ఆరో వారానికి బుగ్గలు బాగా తేటపడ్డాయి. లిఫ్టులో చూసి పై అంతస్తు ఆవిడ "ఏం వాడుతున్నారండీ, మా బాబుకీ సగం పోసివ్వండి" అన్నారు. నేను పేరు చెప్పకుండా డాక్టరమ్మ నంబరు ఇచ్చాను. ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. వారం తర్వాత ఆవిడే చెప్పారు, బాబు నుదుటి మీదివి అసలు మామూలు మొటిమలే కావట, చుండ్రుతో వచ్చే ఒక రకం ఫంగస్ పొక్కులట. వాటికి ఈ సీసా పోస్తే తగ్గవు సరికదా, ముదురుతాయి.

ఇక మా ఇంట్లో ఎలా వాడుతున్నామో రాస్తాను. ఇది మా డాక్టరమ్మ చెప్పింది, సీసాతో వచ్చిన కాగితంలో ఉన్నది కలిపి. మీ చీటీలో వేరేగా ఉంటే మీ చీటీదే మాట. మొహం గోరువెచ్చని నీళ్ళతో, ఘాటులేని సబ్బుతో కడిగి, రుద్దకుండా అద్ది, అరగంట ఆగాలి. తడి మీద, అప్పుడే కడిగిన చర్మం మీద రాస్తే ఆల్కహాల్ మండుతుంది. గడ్డం గీసుకునే అబ్బాయిలకీ ఇదే వర్తిస్తుంది. మొటిమ మొటిమకీ చుక్క పెట్టడం కాదు, మొటిమలొచ్చే ప్రాంతమంతా పలచగా ఒక పూత వేయాలి. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు, ఎండి పొట్టు లేస్తుంది. కళ్ళు, ముక్కు లోపల, పెదాలు, గీరుకున్న చోట్లు వదిలేయాలి. కంట్లో పడితే చన్నీళ్ళతో బాగా కడగాలి. ఆల్కహాల్ కాబట్టి మంటకి దూరం. మా పాపకి సాయంత్రం దీపం పెట్టే అలవాటుంది, దీపం అయ్యాకే సీసా అని నియమం పెట్టాను. జెల్ ఒక పూట, సీసా ఇంకో పూట. ఏది ఎప్పుడో డాక్టరమ్మ రాసిచ్చారు. ఎరిత్రోమైసిన్ ఉన్న పూత ఇంకోటి ఇంట్లో ఉంటే దీంతో కలపకూడదు, రెండూ ఒకే చోట పనిచేసి ఒకదానికొకటి అడ్డమవుతాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినంగా ఉన్నాను. చర్మం మీద రాసినా మందు కొద్దిగా ఒంట్లోకి వెళ్తుంది. అరుదే, కానీ 1974 నాటి ఆ పేగు జబ్బు పైపూతతో కూడా వచ్చిన సందర్భాలున్నాయి. అందుకే ఇంతకుముందు పెద్దపేగు వాపు జబ్బులున్నవాళ్ళు, యాంటీబయాటిక్‌తో తీవ్రమైన విరేచనాలు వచ్చినవాళ్ళు ఇది వాడకూడదు. వాడుతుండగా విరేచనాలు ఆగకపోయినా, రక్తం పడినా, సీసా పక్కన పెట్టి డాక్టరుకి ఫోను చేయాలి, షాపులో విరేచనాలు ఆపే మాత్ర కొని వేయకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందే డాక్టరుకి చెప్పాలి. పాపకి సిగ్గు, ఇలాంటివి చెప్పదు. "కడుపు బాగాలేకపోతే నాకు మెసేజ్ పెట్టు, కారణం అడగను" అని ఒప్పందం చేసుకున్నాం.

సీసా మూత మీద మొదలుపెట్టిన తారీకు పెన్నుతో రాశాను. 12 వారాలయ్యే తారీకు క్యాలెండరులో తిథుల పక్కన ఎర్ర సిరాతో ఉంది, దాన్ని చూసి మా అత్తగారు "ఏం వ్రతమే అది" అన్నారు. ఆ రోజుకి సీసాలో ఇంకా పావు వంతు మిగిలేటట్టుంది. మిగిలింది వచ్చే ఏడాదికి దాచను, సింకులోనూ పోయను. సింకులో పోసింది ఎటు పోతుందో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు. పాత మందులు వెనక్కి తీసుకుంటారా అని మా వీధి చివరి షాపు అబ్బాయిని అడిగాను. "ఇంతవరకు ఎవరూ అడగలేదు ఆంటీ, ఓనరుని కనుక్కుని చెప్తాను" అన్నాడు.